జీడిపూతకు గ్రేడు రాయలేం: ఫుట్‌బాల్ గేముల్లో ఆటగాళ్ల ఎదుగుదల

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ పేరు వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాళ్లకు కొత్త కాదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. మొదట కాంస్యం ఇచ్చారు. మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషి పతకం రజతమైంది. ఆ ఊరు ఒక్క సంతోషితో ఆగలేదు. అక్కడి నుంచి జాతీయ పోటీలకు వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఎవరైనా ఒక వెయిట్‌లిఫ్టింగ్ వీడియో గేమ్ తయారుచేస్తున్నారనుకుందాం. కొండవెలగాడలో పదమూడేళ్ల పిల్లలందరి పేర్లూ వరసగా రాసుకుని, ఒక్కొక్క పేరు పక్కన రెండు అంకెలు వేయాలి. మొదటిది ఆ పిల్ల లేదా పిల్లవాడు ఈరోజు ఎత్తగల బరువు. రెండోది జీవితంలో ఎప్పటికైనా ఎత్తగల గరిష్ఠ బరువు. మొదటి అంకె తేలిక, బార్ తెచ్చి ముందు పెడితే తెలిసిపోతుంది. రెండో అంకె ఎవరు వేస్తారు, దేన్ని చూసి వేస్తారు?

ఫుట్‌బాల్ గేములు ఇంచుమించు ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. కొలవగలిగిన దాని పక్కన కొలవలేని దాన్ని కూడా అంకెగా రాస్తున్నాయి. శ్రీకాకుళంలో హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఇంజినీరింగ్ విద్యార్థి కూడా, ఇంగ్లండులో పుట్టి పెరిగిన అభిమాని కూడా ఆ రెండో అంకె కోసమే వెతుకుతారు. దాన్ని గేమర్లు పొటెన్షియల్ అంటారు. కొత్త గేము వచ్చిన వారంలోనే, తక్కువ ధరకు దొరికే ఎక్కువ పొటెన్షియల్ కుర్రాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి.

ఈ అంకె లోపల ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి. ఫుట్‌బాల్ మేనేజర్ అనే గేములో ప్రతి ఆటగాడికీ రెండు దాగి ఉన్న విలువలు ఉంటాయి. ప్రస్తుత సామర్థ్యం ఒకటి, ఎదగగల సామర్థ్యం ఇంకొకటి. రెండూ 200కు లెక్క. తెర మీద మనకు కనిపించే పాసింగ్, వేగం, ధైర్యం వంటి గుణాలు 1 నుంచి 20 వరకు ఉంటాయి. ప్రస్తుత సామర్థ్యం అనే మొత్తం డబ్బును ఈ గుణాల మీద ఖర్చు పెట్టినట్టు ఉంటుంది లెక్క. ఏ గుణానికి ఎంత ఖర్చన్నది ఆడే స్థానాన్ని బట్టి మారుతుంది. వెనక నిలబడి దాడిని ఆపే సెంటర్ బ్యాక్‌కు గోల్ కొట్టే నైపుణ్యం చవక, తలతో బంతిని కొట్టే హెడింగ్ ఖరీదు. బలహీనమైన కాలు మెరుగ్గా ఉంటే దానికీ ఖర్చు ఉంది. శిక్షణ, మ్యాచులు, వ్యక్తిత్వం కలిసి ఈ డబ్బును ఏటా పెంచుతాయి. పెరుగుదలకు పైకప్పు ఎదగగల సామర్థ్యం. ఆ కప్పును దాటి ఎవరూ పోలేరు.

ఈఏ సంస్థ తెచ్చే సిరీస్‌లో లెక్క 99కు. 1993లో మొదలై ఫిఫా పేరుతో చాలాకాలం నడిచి, 2023 నుంచి ఎఫ్‌సీ పేరుతో వస్తున్న సిరీస్ అది. అందులో ఒక మొత్తం రేటింగ్, దాని వెనక ఒక పొటెన్షియల్ ఉంటాయి. ఏళ్ల తరబడి ఒక క్లబ్బును నడిపే కెరీర్ మోడ్‌లో పొటెన్షియల్ అంకె నేరుగా కనిపించదు. మంచి భవిష్యత్తు ఉన్నవాడని, ప్రత్యేకమైన ఆటగాడు కాగలడని మాటల్లో చెబుతుంది. అకాడమీ కుర్రాళ్ల విషయంలో స్కౌట్, అంటే ప్రతిభను వెతికే మనిషి, ఒక శ్రేణి ఇస్తాడు. అయినా డేటా ఫైళ్లు తెరిచి అసలు అంకెలు బయటపెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి అందులో రహస్యం ఏమీ మిగలదు.

ఒక మామూలు కెరీర్‌ను దగ్గర నుంచి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఇంగ్లండు మూడో స్థాయి లీగులో ఒక చిన్న క్లబ్బును తీసుకుంటారు. జాబితా చూసి నలుగురు పదిహేడేళ్ల కుర్రాళ్లను కొంటారు. నలుగురి రేటింగూ 62, 65 మధ్య. నలుగురి పొటెన్షియలూ 88కి పైనే. మొదటి ఏడాది వాళ్లు 69కి వస్తారు. రెండో ఏడాది 74. ప్రతి నెలా శిక్షణ పట్టికలో పచ్చని బాణం పైకి చూపిస్తుంది. ఒక నెల బాణం కనపడకపోతే ఆడేవాడికి ఏదో పొరపాటు జరిగినట్టు అనిపిస్తుంది. మూడో ఏడాది 79, నాలుగో ఏడాది 84. నలుగురిలో ఒక్కరు కూడా దారి తప్పరు. ప్రేమలో పడి శిక్షణ మానేయడం, మోకాలి గాయం తర్వాత మునుపటిలా మలుపు తిరగలేకపోవడం, కొత్త కోచ్‌కు నచ్చక రెండేళ్లు బెంచీ మీద కూర్చోవడం ఎవరికీ జరగవు. పదో సీజన్ వచ్చేసరికి రిజర్వు గోల్‌కీపర్ రేటింగ్ కూడా 86. ఎదుటి జట్లదీ అదే పరిస్థితి. ప్రపంచమంతా గొప్ప ఆటగాళ్లతో నిండిపోతుంది, అందుకే ఎవరూ గొప్పగా కనిపించరు.

అంకె తప్పు వేశారన్నది ఇక్కడ అసలు ఫిర్యాదు కాదు. ఫుట్‌బాల్ మేనేజర్ కోసం వెయ్యిమందికి పైగా పరిశీలకులు తమ తమ దేశాల క్లబ్బులను కళ్లారా చూసి అంకెలు పంపుతారు. ఆ శ్రమను తక్కువ చేయలేం. సామర్థ్యం అన్న మాట అర్థమే మారిపోవడం అసలు లోపం. స్కౌట్ దృష్టిలో 88 అంటే అన్నీ కలిసొస్తే ఇంతవరకు వెళ్లవచ్చని. గేము దృష్టిలో 88 అంటే చేరాల్సిన స్టేషను. బండి ఆలస్యం కావచ్చు కానీ, ఆ స్టేషనుకు చేరకుండా మాత్రం ఉండదు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. దాన్ని రుజువు చేసే ఆటగాళ్లు ఉన్నారు. 2024 యూరో సెమీఫైనల్లో ఫ్రాన్సు మీద లమీన్ యమాల్ గోల్ కొట్టినప్పుడు అతనికి ఇంకా పదిహేడు నిండలేదు. నిండిన మర్నాడు స్పెయిన్ ఫైనల్ గెలిచింది. అయితే పరిమళించిన ప్రతి మొగ్గా అలా విచ్చుకోదు. 2004లో పద్నాలుగేళ్లకే అమెరికా లీగులో డీసీ యునైటెడ్ తరఫున ఆడిన ఫ్రెడ్డీ అడూ ఆ రోజుల్లో ప్రతి గేములోనూ కొనాల్సిన కుర్రాడు. 2007లో బెన్ఫికాకు వెళ్లాడు, అక్కడి నుంచి మొనాకో, బెలెనెన్సిస్, ఆరిస్, రిజెస్పోర్ అంటూ లోన్ల మీద, అంటే తాత్కాలికంగా వేరే క్లబ్బులకు ఆడుతూ తిరిగాడు. ఊహించిన ఎత్తుకు చేరలేదు. ఇరవై ఏళ్ల కిందటి చాంపియన్‌షిప్ మేనేజర్ అనే గేము ఆడినవాళ్లకు మిల్‌వాల్ కుర్రాడు చెర్నో సాంబా, డెర్బీ కౌంటీ కుర్రాడు టోంటన్ జోలా మొకోకో పేర్లు ఇప్పటికీ నోట్లో ఆడతాయి. తెర మీద వాళ్లు ప్రపంచ విజేతలు. మైదానంలో ఇద్దరికీ అలాంటి కెరీర్ దక్కలేదు.

రెండో వైపు జేమీ వార్డీ ఉన్నాడు. పదహారేళ్లకు షెఫీల్డ్ వెడ్నెస్‌డే క్లబ్బు వదిలేసింది. ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న జట్టుకు ఆడాడు. 2012లో లెస్టర్ సిటీ అతన్ని 10 లక్షల పౌండ్లకు తీసుకునేటప్పటికి వయసు 25. గేముల లెక్కలో అది ఎదుగుదల ముగింపుకొచ్చే వయసు. 2015-16లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు అతని గోల్స్ 24. 2019-20లో 33 ఏళ్ల వయసులో 23 గోల్స్‌తో లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ కొట్టాడు. స్టాక్స్‌బ్రిడ్జ్‌లో ఆడే రోజుల్లో అతని పేరు పక్కన 170 అని రాసే పరిశీలకుడు ఎవరూ ఉండరు. రాయకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. రాయని అంకె పైకప్పుగా మారి అతన్ని జీవితాంతం ఆపేయడం మాత్రం గేము తప్పు.

పలాస జీడిపప్పు డబ్బా మీద 240, 320 అని అంకెలు ఉంటాయి. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయన్నది ఆ లెక్క. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. గింజను కాల్చి, పెచ్చు తీసి, పొర ఒలిచి, చేతిలోకి వచ్చిన పప్పును చూసి వేసే గ్రేడు అది. ఉద్దానంలో జీడితోట పూత మీద ఉన్నప్పుడు ఏ వ్యాపారీ పూతకు గ్రేడు రాయడు. ఈ తోట పప్పు నిరుడు బాగుందని, ఈ చెట్టు జాతి మంచిదని, నేల ఇసుకదని, మబ్బు పట్టకపోతే కాపు నిలుస్తుందని చెబుతాడు. అంటే అవకాశం చెబుతాడు, దాంతోపాటు షరతులూ చెబుతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు ఆ చెట్ల పొటెన్షియల్ ఏమైంది అన్న ప్రశ్నకు జవాబు లేదు. పొటెన్షియల్ చెట్టులో మాత్రమే దాగి ఉండదు. నేలలో, వానలో, గాలిలో, తోటవాడి చేతిలో కలిసి ఉంటుంది.

గేములు ఈ సంగతిని అసలు గుర్తించలేదనడం అన్యాయం. ఫుట్‌బాల్ మేనేజర్‌లో చిన్న వయసు ఆటగాళ్లకు పరిశీలకులు కచ్చితమైన అంకె బదులు రుణ సంఖ్య వేయవచ్చు. -9 అని వేస్తే 150, 180 మధ్య ఎక్కడో ఒకచోట పడుతుంది. -10 అయితే 170, 200 మధ్య. కొత్త కెరీర్ మొదలుపెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ శ్రేణిలో ఒక అంకెను ఎంచుతుంది. అందువల్ల ఒక కెరీర్‌లో ప్రపంచాన్ని ఏలిన కుర్రాడు ఇంకో కెరీర్‌లో మధ్యస్థ జట్టులో నిలకడైన ఆటగాడిగా మిగలవచ్చు. చాలా నిజాయితీ ఉన్న ఏర్పాటు ఇది. కాకపోతే పాచిక ఒక్కసారే పడుతుంది. కెరీర్ మొదలయ్యాక అంకె రాయిలా గట్టిపడిపోతుంది. 18 ఏళ్లకు విరిగిన కాలు, 20 ఏళ్లకు దొరికిన మంచి కోచ్ దాన్ని కదిలించలేరు. ఆ అంకెకు ఎంత దగ్గరగా వెళతాడన్నదే మారుతుంది.

ఈఏ సిరీస్ ఇంకో వైపు నుంచి వచ్చింది. ఫిఫా 20లో మారే పొటెన్షియల్ పద్ధతి తెచ్చారు. ఎక్కువ మ్యాచులు ఆడి రాణిస్తే పొటెన్షియల్ పెరుగుతుంది, బెంచీ మీద కూర్చుంటే తగ్గుతుంది. ఆలోచన సరైనదే. ఆచరణలో బలమున్నవాడికే బలం చేకూరుతుంది. పెద్ద క్లబ్బులో ముందు వరసలో ఆడే కుర్రాడికి ఎదురు జట్టు బలహీనం, పక్కనున్న ఆటగాళ్లు గొప్పవాళ్లు. గోల్స్ వాటంతట అవే వస్తాయి, గోల్స్‌తో పొటెన్షియల్ పెరుగుతుంది. అడుగు జట్టులో చెమటోడ్చే సెంటర్ బ్యాక్‌కు మ్యాచ్ రేటింగ్ ఎప్పుడూ తక్కువే కాబట్టి అతని పైకప్పు కిందికి దిగుతుంది. నిజ జీవితంలో ఓడే జట్టులో వారం వారం దాడిని ఎదుర్కొన్న డిఫెండర్ ఎక్కువ నేర్చుకోవచ్చు. ఆ అవకాశం ఈ లెక్కలో లేదు.

కొనామీ వాళ్ల పాత ప్రో ఎవల్యూషన్ సాకర్ మాస్టర్ లీగ్‌లో ఒక చక్కని విషయం ఉండేది. తొందరగా శిఖరానికి చేరేవాళ్లు, ఆలస్యంగా వికసించేవాళ్లు అంటూ ఎదుగుదల తీరులు వేరువేరుగా ఉండేవి. అందరూ ఒకే వయసులో పండరన్న సత్యం అందులో ఉంది. అదే గేములో రిటైరైన దిగ్గజం మళ్లీ అదే పేరుతో కుర్రాడిగా పుట్టేవాడు. పాత గొప్పవాడు మళ్లీ గొప్పవాడే అయ్యేవాడు. ఒక చేత్తో ఇచ్చిన వైవిధ్యాన్ని ఇంకో చేత్తో తీసేసుకున్నట్టయింది.

వయసు సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. ఎదుగుదలను ఒకే గీతగా గీయడం వల్లనే చాలా అసహజత వస్తోంది. శరీరం ఒక తీరున, కాలి నైపుణ్యం ఇంకో తీరున, ఆటను చదివే తెలివి మరో తీరున ఎదుగుతాయి. పరుగు వేగం ఇరవైల్లోనే శిఖరానికి చేరి ముప్పై దాటాక తగ్గడం మొదలవుతుంది. బంతిని ఎప్పుడు వదలాలో, ఎక్కడ నిలబడాలో తెలిసే గుణం ముప్పై దాటినా పెరుగుతూనే ఉంటుంది. లూకా మోద్రిచ్ 2018లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డి ఓర్ అందుకున్నప్పుడు వయసు 33. గోల్‌కీపర్లకు ఆయుష్షు మరీ ఎక్కువ. బుఫోన్ 2023లో 45 ఏళ్లకు ఆట మానేశాడు. ఫుట్‌బాల్ మేనేజర్ ఈ గీతలను కొంతవరకు విడదీసింది. ముప్పై దాటిన ఆటగాడి వేగం తగ్గుతున్నా నిర్ణయశక్తి నిలిచి ఉండడం అందులో చూడవచ్చు. అన్నిటినీ కలిపి ఒక్క రేటింగ్‌గా చూపే గేముల్లో మాత్రం 31 రాగానే ఆటగాడు మెట్లు దిగినట్టు దిగిపోతాడు.

కింది వయసులో గజిబిజి ఇంకా ఎక్కువ. మగపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున పద్నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది. ఒకరికి పన్నెండుకే, ఇంకొకరికి పదహారుకు రావచ్చు. ఆ రెండు మూడేళ్ల తేడాలో ముందు పెరిగినవాడు ప్రతిభావంతుడిలా, వెనకబడినవాడు పనికిరానివాడిలా కనిపిస్తారు. ఆంట్వాన్ గ్రీజ్‌మన్‌ను పొట్టివాడని ఫ్రాన్సు అకాడమీలు తిప్పి పంపాయి. స్పెయిన్‌లోని రియల్ సొసైడాడ్ చేరదీసింది. 2018 ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్సు జట్టులో అతను ఉన్నాడు. ఇప్పుడు యూరప్‌లో కొన్ని అకాడమీలు పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాకుండా శరీరం ఎంత పరిణతి చెందిందన్న దాన్ని బట్టి పిల్లలను జట్లుగా విడదీసి ఆడిస్తున్నాయి. ఏడాది మొదటి నెలల్లో పుట్టిన పిల్లలు వయోవర్గ జట్లలో ఎక్కువగా ఎంపికవుతారన్నది ఎన్నో క్రీడల్లో, ఎన్నో దేశాల్లో కనిపించిన విషయమే. కొన్ని నెలల పెద్దరికం ప్రతిభలా కనిపిస్తుంది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ సమస్యకు మరో పొర ఉంది. బడిలో చేర్చే రోజున పుట్టిన తేదీ గుర్తులేకపోతే, ఒకటో తరగతికి ఎంత వయసు ఉండాలో వెనక్కి లెక్కగట్టి మాస్టారు ఒక తేదీ వేసేవారు. అందుకే మే, జూన్, జులైల్లో పుట్టినట్టు రికార్డులున్న పెద్దవాళ్లు ప్రతి ఊరిలో కనిపిస్తారు. అమ్మను అడిగితే ఫలానా తుపాను వచ్చిన ఏడు, సంక్రాంతి వెళ్లాక పుట్టాడని చెబుతుంది. ఇప్పుడు పుట్టగానే నమోదు జరుగుతున్నా, క్రీడల్లో వయసు వివాదాలు పూర్తిగా పోలేదు. అందుకే భారత క్రికెట్‌లో కుర్రాళ్ల వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తున్నారు. గేము డేటాబేసులో మాత్రం వయసు అనేది అనుమానం లేని అంకె. ఎదుగుదల లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. పదిహేడేళ్లు అని రాసి ఉన్న ఇద్దరు కుర్రాళ్లలో ఒకరి శరీరం పందొమ్మిదికి, ఇంకొకరిది పదిహేనుకు సమానం కావచ్చన్న సంగతిని పెద్ద గేములు లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు. తీసుకుంటే స్కౌటింగ్ ఎంత రసవత్తరమవుతుందో! ఈరోజు బలంగా ఉన్నవాణ్ని కొనాలా, ఇంకా పెరగాల్సినవాణ్ని కొనాలా అన్న నిజమైన సందిగ్ధం ఆడేవాడి ముందుకొస్తుంది.

స్థానం మార్పు గురించి తక్కువ మాటల్లో చెప్పుకోవచ్చు, కానీ వదిలేయకూడదు. ఆంద్రేయా పిర్లో దాడి చేసే మిడ్‌ఫీల్డర్‌గా మొదలై, వెనక్కి జరిగి డిఫెన్సు ముందు నిలబడ్డాకే గొప్పవాడయ్యాడు. గ్యారెత్ బేల్ లెఫ్ట్ బ్యాక్‌గా వచ్చి ముందుకు జరిగాడు. మన దగ్గరి ఉదాహరణే కావాలంటే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి ఉంది. 1994, 1995లో ప్రపంచ విజేతగా నిలిచింది 54 కిలోల విభాగంలో. 2000 సిడ్నీలో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. ఆమె పొటెన్షియల్ ఎంత అని అడిగితే ఏ విభాగంలో అన్న ఎదురు ప్రశ్న రావాలి. ఫుట్‌బాల్‌లోనూ అంతే. వింగర్‌గా 74 దాటని కుర్రాడు ఫుల్ బ్యాక్‌గా 83 కావచ్చు. స్థానానికో పైకప్పు ఉండాలి. ఏ స్థానంలో ఎత్తైన కప్పు ఉందో కనిపెట్టడం మేనేజర్ పని కావాలి.

ఇక భారతీయ ఆటగాళ్ల సంగతి. ఫుట్‌బాల్ మేనేజర్‌లో రిటైరైనవాళ్ల స్థానంలో ఏటా కంప్యూటర్ కొత్త కుర్రాళ్లను పుట్టిస్తుంది. ప్రతి దేశానికీ ఒక యువ ప్రతిభ రేటింగ్ ఉంటుంది, ప్రతి క్లబ్బుకూ అకాడమీ సౌకర్యాలు, జూనియర్ కోచింగ్, కుర్రాళ్ల సేకరణ అనే స్థాయిలు ఉంటాయి. ఇవన్నీ కలిసి కొత్తగా పుట్టే కుర్రాళ్ల సామర్థ్యాన్ని నిర్ణయిస్తాయి. బ్రెజిల్‌లో పుట్టినవాడికి ఎత్తైన కప్పు దొరికే అవకాశం ఎక్కువ, భారత్‌లో పుట్టినవాడికి చాలా తక్కువ. విజయనగరంలో కూర్చుని భారత క్లబ్బుతో ఆడేవాడికి ఏటా అకాడమీ జాబితా తెరిచినప్పుడు కలిగే నిరుత్సాహానికి మూలం ఇదే.

ఇది అన్యాయమని కోపగించుకోవడం తేలిక. ఈనాటి ఫలితాలను బట్టి చూస్తే ఆ రేటింగ్ తప్పని చెప్పలేం. కానీ ఆ అంకె దేన్ని కొలుస్తోందో జాగ్రత్తగా చూడాలి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశంలోనే మేటి. ఆనాడు ఇలాంటి గేము ఉండి ఉంటే హైదరాబాద్‌కు ఏ రేటింగ్ ఇచ్చేవారు? ఆ తర్వాత తెలుగు నేలలో పుట్టే పిల్లల కాళ్లు మారిపోలేదు. కోచ్, జట్టు, ఉద్యోగం, పోటీలు అనే గొలుసు తెగింది. సికింద్రాబాద్‌లో 1984లో పుట్టి, దేశం తరఫున 90కి పైగా గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీ ఫుట్‌బాల్ పెరిగింది ఇక్కడి అకాడమీలో కాదు. దేశం రేటింగ్ కొలిచేది ఆ గొలుసునే, రక్తాన్ని కాదు.

కొండవెలగాడ దగ్గరికి మళ్లీ రావాల్సింది ఇక్కడే. బరువులెత్తే జన్యువులు చంపావతి నది పక్కన ఒక్క ఊరి మీదే కురిశాయని ఎవరూ అనరు. ఒకరు ఎత్తారు, పక్కింటి పిల్ల చూసింది. ఎత్తడం నేర్పగలవాళ్లు ఊరిలోనే ఉన్నారు. పతకం తెచ్చినవాళ్లకు ఉద్యోగం రావడం కళ్ల ముందు కనిపించింది. అమ్మాయి ఇనుము ఎత్తడమేమిటన్న ప్రశ్న ఆ ఊరిలో పాతబడిపోయింది. ఒక ఊరి పొటెన్షియల్ ఇలా పుడుతుంది, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. ఫుట్‌బాల్ గేముల్లో ఈ అంటుకోవడం చాలా తక్కువ. ఆడేవాడు భారత జట్టును ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లినా, ఆ మర్నాటి నుంచి విజయనగరం విజ్జీ స్టేడియంలో సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లల్లో కొందరైనా బంతిని కాలితో తన్నడం మొదలుపెడతారన్న సహజమైన మార్పు ఆ ప్రపంచంలో బలంగా కనిపించదు.

మరి మేలైన పద్ధతి ఎలా ఉండవచ్చు? పైకప్పు అనే ఒక్క అంకె బదులు, విస్తీర్ణమున్న అంచనా పెట్టాలి. ఉదాహరణకు పదిహేడేళ్ల మిడ్‌ఫీల్డర్ ఒకడు ఈరోజు 64 అనుకుందాం. అతను చివరికి 68 నుంచి 90 వరకు ఎక్కడైనా ఆగవచ్చు. 75 ప్రాంతంలో ఆగే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ, 90కి చేరే అవకాశం బహు తక్కువ. ప్రతి పుట్టినరోజుకూ ఆ శ్రేణి కొంచెం కుంచించుకుపోవాలి. ఏ వైపు నుంచి కుంచించుకుపోతుందన్నది ఆ ఏడాది జరిగినదాన్ని బట్టి ఉండాలి. తన స్థాయికి కొంచెం పైనున్న లీగులో 2,000 నిమిషాలు ఆడితే కింది అంచు పైకి జరగాలి. 300 నిమిషాలే ఆడితే పై అంచు కిందికి జరగాలి. మోకాలి శస్త్రచికిత్స జరిగితే వేగం శ్రేణి మాత్రమే పడాలి, పాసింగ్ శ్రేణి నిలబడాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడాది ఆటను ఎక్కువగా చూసి నేర్చుకున్నందుకు నిర్ణయశక్తి కొంచెం పెరిగినా ఆశ్చర్యం లేదు. 23 వచ్చేసరికి అతని శ్రేణి 73 నుంచి 79 అని తేలవచ్చు. 90 రాలేదు కాబట్టి అతను విఫలమైనట్టు కాదు. రెండో డివిజన్‌లో పదేళ్లు గౌరవంగా ఆడే ఆటగాడు దొరికినట్టు.

ఆ శ్రేణి కూడా ఆడేవాడికి నేరుగా కనిపించకూడదు. స్కౌట్ చెప్పిన మాటగానే తెలియాలి, స్కౌట్ పొరబడే వీలు ఉండాలి. కండలు చూసి మోసపోయే స్కౌట్ ఒకరు, చిన్నవాళ్లలో తెలివిని పసిగట్టే స్కౌట్ ఇంకొకరు అయితే, ఎవరి మాట నమ్మాలన్నది కూడా ఆటలో భాగమవుతుంది.

ఇలా చేస్తే ఆట సరదా పోతుందని వాదించేవాళ్లు ఉన్నారు. పచ్చని బాణం ఇచ్చే తృప్తి నిజమైనదే. రోజంతా చదువు, పని అయ్యాక రాత్రి గంటసేపు ఆడేవాడికి, తాను పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనిపించాలన్న కోరిక సహజం. కానీ ఆ గేము ఆడిన ఎవరినైనా కదిలించి చూడండి. పదేళ్ల తర్వాత కూడా గుర్తుండే ఆటగాడు జాబితా చూసి కొన్న 91 కుర్రాడు కాదు. ఎవరూ పట్టించుకోని అకాడమీ నుంచి వచ్చి, రెండేళ్లు లోన్‌లో తిరిగి, ఒక గాయాల సీజన్‌లో తప్పనిసరై ఆడించగా నిలబడిపోయినవాడు. మార్టిన్ ఓడెగార్డ్ కథ మనసుకు హత్తుకునేది కూడా అందుకే. 2015 జనవరిలో పదహారేళ్లకు రియల్ మాడ్రిడ్ చేరాడు. హీరెన్‌వీన్, విటెస్, రియల్ సొసైడాడ్ అంటూ లోన్లలో గడిపాడు. 2021లో ఆర్సెనల్ చేరాకే నిలదొక్కుకున్నాడు. అనుకున్న ఎత్తుకు అతను వెళ్లాడు, కానీ ఆరేళ్ల వంకర దారిలో. ఆ మధ్యలో అతని అభిమానులు పడిన అనుమానమే కథకు ప్రాణం.

ఇప్పుడున్న గేముల్లో కూడా కొంత మార్చుకోవచ్చు. ఫుట్‌బాల్ మేనేజర్‌లో, స్కౌట్ చూడని ఆటగాళ్ల గుణాలు కనిపించకుండా పెట్టుకునే వీలుంది. దాన్ని అలాగే ఉంచాలి. పొటెన్షియల్ జాబితాలు చదవకుండా ఉండాలి, లేదా కెరీర్ మొదలుపెట్టి అయిదారు సీజన్లు గడిచి, కంప్యూటర్ పుట్టించిన కుర్రాళ్లే ఎక్కువయ్యాక అసలు పరీక్ష మొదలైందని భావించాలి. ఏ జాబితాలోనూ లేని కుర్రాళ్లు వాళ్లు. ఈఏ సిరీస్‌లో అయితే ఒక సీజన్‌లో ఒక్క పదిహేడేళ్లవాణ్నే కొనాలని నియమం పెట్టుకోవచ్చు. పొటెన్షియల్ పేరు చూసి కాకుండా, వాడు ఆడిన పది మ్యాచులు చూసి కొనాలి.

భారత క్లబ్బుతో ఆడేవాళ్లు ఆటగాడి కోసం వెతకడం తగ్గించి, ముందుగా జూనియర్ కోచింగ్ మీద డబ్బు పెట్టి చూడాలి. బోర్డును ఒప్పించడానికే ఒకటి రెండు సీజన్లు పట్టవచ్చు. ఆ తర్వాత అకాడమీకి వచ్చే పిల్లలకు పదిహేను, పదహారేళ్లు. వాళ్లు మొదటి జట్టు చొక్కా వేసుకోవడానికి ఇంకో మూడు నాలుగేళ్లు. మొదటి విడతలో ఒక్కడూ నిలవకపోవచ్చు. రెండో విడతలో బహుశా ఒక రైట్ బ్యాక్.